కావ్యాల్లో అందరూ "నీవు" అనే అంటారెందుకు? వచనంలోకి తెచ్చేటప్పుడు "మీరు" చెయ్యాలా?

ప్రశ్న (పాతకథ):

తొమ్మిది, పది తరగతుల పిల్లలు చదువుకునేలా మూడు నాలుగు కావ్య ఘట్టాలను వాడుకభాషలో వచనంగా రాసే పని నడుస్తోంది. నన్నయ శకుంతలోపాఖ్యానం, పెద్దన మనుచరిత్రలోని వరూధిని–ప్రవరుడు, తిమ్మన సత్యభామ అలక, పోతన గజేంద్రమోక్షం తీసుకున్నాం. చిక్కంతా సంభాషణల దగ్గరే వస్తోంది.

మూలంలో భార్య భర్తను, ముని రాజును, భక్తుడు దేవుణ్ణి అందరూ "నీవు" అనే అంటున్నారు. ఇప్పటి పిల్లలకు అది అమర్యాదగా వినబడుతుంది కాబట్టి పెద్దలను "మీరు" అనిపించాలని మాలో కొందరి వాదన. కవులు ఛందస్సు కుదరక "నీవు" వేశారు తప్ప మనసులో "మీరు" అనే ఉద్దేశమని ఇంకొకరి మాట. ఇది నిజమేనా?

"ఎవ్వతె", "రావే" లాంటివి యథాతథంగా ఉంచితే పిల్లలు నవ్వుతారు. పద్యానికి రెండు మూడు చొప్పున వచ్చే "భీతహరిణేక్షణ" (బెదిరిన లేడి కళ్ళదానా), "అరాళకుంతల" (వంకీల జుట్టుదానా) లాంటి పిలుపులన్నీ ఉంచాలా, తీసెయ్యాలా? తెలిసినవారు ఉదాహరణలతో చెప్పగలరు.

జవాబు 1 (తాటాకు):

ముందు ఛందస్సు మాట తేల్చుకుందాం, ఎందుకంటే ఈ వాదన చాలాచోట్ల వినబడుతుంది. "నీ", "మీ" రెండూ ఒక్కో గురువు (తూకంలో బరువైన అక్షరం). "నీవు", "మీరు" రెండూ గురువు, లఘువు (తేలికైన అక్షరం). "వచ్చితివి", "వచ్చితిరి" కూడా తూకంలో సమానమే. యతిస్థానంలోనో ప్రాసస్థానంలోనో పడితే తప్ప ఒకదాని బదులు ఇంకొకటి వేసినా గణాలు కదలవు. దారి అడిగిన ప్రవరుడికి వరూధిని ఇచ్చిన జవాబు చూడండి:

ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర! యే
కాంతమునందు నున్న జవరాండ్ర నెపంబిడి పల్కరించు లా
గింతయ కాక నీ వెఱుఁగవే మును వచ్చిన త్రోవచొప్పు? నీ
కింత భయంబు లే కడుగ నెల్లిదమైతిమె? మాటలేటికిన్?

మూడో పాదం చివరి "నీ" తీసి "మీ" పెట్టండి. "మీకింత భయంబు లేకడుగ" అవుతుంది. ఉత్పలమాల అలాగే ఉంటుంది, ప్రాస "ంత" అలాగే ఉంటుంది. పెద్దన కావాలనుకుంటే అడ్డేమీ లేదు. మొదటి పాదంలో "వేఁడెదు" బదులు "వేఁడెదరు" అంటే మాత్రం ఒక లఘువు పెరిగి పద్యం చెడుతుంది, అది వేరే సంగతి. అంటే కొన్ని క్రియల దగ్గర తూకం మారుతుంది, సర్వనామం దగ్గర మారదు. అందుకని ఛందస్సు మీద నెపం వెయ్యడం కుదరదు. ఆ కావ్యభాషలో ఒక్క మనిషిని "నీవు" అనడం మామూలు మాట. దానికి మర్యాదా లేదు, అమర్యాదా లేదు.

మరి మర్యాద ఎక్కడుంది? పిలుపులో ఉంది. పై పద్యంలోనే "భూసురేంద్ర" అంది. క్రియ ఏకవచనం, సర్వనామం ఏకవచనం, పిలుపు మాత్రం బ్రాహ్మణోత్తమా అని. ఇంకో తమాషా చూశారా? అతణ్ణి "నీవు" అన్న మనిషి తన దగ్గరికొచ్చేసరికి "ఎల్లిదమైతిమె" అని బహువచనం వాడింది. "మేమంత లోకువైపోయామా?" అని. బహువచనం అవతలివాడికి కాదు, తనకు పెట్టుకుంది. జవరాండ్ర (పడుచుల) మొత్తం తరఫున అంటోందని కూడా చెప్పుకోవచ్చు, కానీ ఆ బెట్టు ఆ "మి"లోనే ఉంది. వచనంలో "నేను లోకువయ్యానా" అని రాస్తే సగం వరూధిని పోయినట్టే.

అలిగిన సత్యభామ తన్నినప్పుడు కృష్ణుడు ఆమెతో అనే తిమ్మన పద్యంలో ఇంకో ఉచ్చు ఉంది. "నను భవదీయ దాసుని..." అని మొదలవుతుంది. "భవత్" సంస్కృతంలో గౌరవవాచకం కదా, కాబట్టి కృష్ణుడు సత్యభామను "మీ దాసుణ్ణి" అంటున్నాడని అనువదిస్తారు కొందరు. రెండో పాదానికి వచ్చేసరికి అదే నోటితో "చెల్వగు నీ పదపల్లవంబు" అంటాడు, నాలుగో పాదంలో "అల్క మానవుగదా" అంటాడు. ఒకే పద్యంలో ఒకే మనిషిని ఒకసారి మీరు, ఒకసారి నువ్వు అనడు కదా. తెలుగు పద్యంలో "భవదీయ" అంటే "నీ" అనే. లఘువు, లఘువు, గురువు, లఘువు వచ్చే మాట కావలసినచోట "భవదీయ", ఒక్క గురువు చాలినచోట "నీ". ఛందస్సు పనిచేసింది ఇక్కడ. రెండింటికీ "నీ" అనే రాయండి. ఆ పద్యంలో అణకువంతా "దాసుని" అన్న మాటలో, తన్నితే "నాకు మన్ననయ" అనడంలో, నా ఒంటి పులకలు ముళ్ళలా గుచ్చుకుని నీ పాదం నొస్తుందేమో అనడంలో ఉంది. సర్వనామం దానికి కొత్తగా చేర్చేదేమీ లేదు.

జవాబు 2 (ఊరిమాట):

తాటాకు గారు చెప్పింది కావ్యాలకే పరిమితం కాదు. భద్రాచల రామదాసు "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని రాముణ్ణే నిలదీశాడు. ఇప్పటికీ దేవుడి గదిలో నిలబడి "మీరు నన్ను కాపాడండి" అని ఎవరూ మొక్కరు.

అంతకంటే గట్టి సాక్ష్యం తెలంగాణ దొరల కాలంలో ఉంది. "నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త" అన్న మాట అందరికీ తెలుసు. అంతకన్నా ఒదిగి ఉండే మాట తెలుగులో వెతికినా దొరకదు. అందులో ఉన్నది "నీ". భయభక్తులు "బాంచెన్" (బానిసను) అనడంలో, "దొరా"లో, కాళ్ళు మొక్కడంలో ఉన్నాయి. పల్లెల్లో అయ్యను, అవ్వను, పెద్దన్నను "నువ్వు" అనే ఇళ్ళు ఇప్పటికీ లెక్కలేనన్ని. తెలంగాణలోనే కాదు, రాయలసీమలోనూ ఉత్తరాంధ్రలోనూ అంతే. "నాయనా, నువ్వు తిన్నావా" అంటే అక్కడ ఎవరికీ తప్పుగా వినబడదు. "మీరు" లేకపోతే మర్యాద లేదనుకోవడం మన పాఠ్యపుస్తకాలకూ పట్నవాసపు ఇళ్ళకూ అలవాటైన చెవి. మీ పాఠకుల్లో సగంమంది ఇంట్లో తాతను "నువ్వు" అనే పిల్లలే అయివుంటారు. వాళ్ళకు "నీవు" అమర్యాదని నేర్పేది మీ పుస్తకమే కాకుండా చూసుకోండి.

"ఎవ్వతె" సంగతి వేరు. అది నిజంగానే దిగజారిన మాట. "ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ" అని ప్రవరుడు అడిగినప్పుడు "ఎవరు నువ్వు" అనే అర్థం. ఇప్పుడు "ఎవతె" అంటే తిట్టు. పోతన "ఎవ్వనిచే జనించు జగము" అన్నది సాక్షాత్తూ పరమేశ్వరుణ్ణి. ఇప్పుడు "ఎవడు" అని ఎదుటివాణ్ణి అంటే కొట్లాటకొస్తాడు. అందువల్ల "ఎవ్వతె"కు "ఎవరు" అని రాయడం మార్పు కాదు, సరైన అర్థం. "నీవు"కు "మీరు" రాయడం మాత్రం లేనిదాన్ని చేర్చడం. ఈ రెండూ ఒకే రకం సవరణ అనుకోకండి.

జవాబు 3 (యతిభంగం):

"రావే" గురించి ఎవరూ చెప్పలేదు. గజేంద్రుడి "రావే యీశ్వర! కావవే వరద!" చదివి పిల్లలు నవ్వుతారంటే కారణం ఉంది. ఇప్పుడు "రావే" అన్నది ఆడపిల్లనో చెల్లెలినో పిలిచే మాట. పోతన పద్యంలో ఉన్నది ఆ "వే" కాదు. రావు + ఏ = రావే, అంటే "రావా?". కావవు + ఏ = కావవే, "కాపాడవా?". వ్యతిరేకార్థంలో ప్రశ్న వేసి బతిమాలడం. ఎదుట మగవాడున్నా ఆడమనిషి ఉన్నా అదే రూపం. వచనంలో "రా, ఈశ్వరా! కాపాడు, వరదా!" అని రాస్తే ఆజ్ఞలా ఉంటుంది, "రావా ఈశ్వరా? కాపాడవా, కోరిన వరాలిచ్చేవాడా?" అంటే మూలంలోని వేడుకోలు నిలుస్తుంది. వరూధిని పద్యంలో "ఎఱుఁగవే" కూడా ఇదే, "తెలియదా?" అని.

ఇక పిలుపులు. అన్నీ ఉంచితే వచనం నాటకాల వాళ్ళ మాటలా ఉంటుంది, అన్నీ తీసేస్తే తాటాకు గారన్నట్టు మర్యాద ఉన్న ఒక్క చోటూ పోతుంది. పరీక్ష ఏమిటంటే, పిలుపును తీసేసి వాక్యం చదవండి. అర్థంలో ఏదైనా తగ్గితే ఉంచండి, తగ్గకపోతే తీసెయ్యండి. శకుంతల దుష్యంతుడితో అన్న పద్యం ఇలా మొదలవుతుంది:

నుతజలపూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు...

నూరు నూతులకంటే ఒక బావి (దిగుడుబావి) మేలు, నూరు బావులకంటే ఒక యజ్ఞం మేలు అంటూ మెట్లెక్కించి చివరికి సత్యవాక్యం దగ్గర తేలుతుంది. "సూనృతవ్రత" అంటే సత్యమే వ్రతంగా గలవాడా అని. పిలిచింది ఎవరిని? నిండు సభలో "నువ్వెవరో నాకు తెలియదు" అని అబద్ధమాడిన మొగుణ్ణి. ఆ పిలుపు తీసేస్తే పద్యం నీతిబోధ అయిపోతుంది, ఉంచితే చెంపదెబ్బ. ఇలాంటిది వదలకూడదు. తిమ్మన పద్యం చివరి "అరాళకుంతలా" (వంకీల జుట్టుదానా) మాత్రం ముద్దుమాట. దాని బదులు పిల్లల పుస్తకంలో "సత్యా" అంటే చాలు.

పిలుపుల దగ్గర కొత్తవాళ్ళు చేసే పొరపాట్లు రెండున్నాయి. తాటాకు ప్రతుల్లో విరామచిహ్నాలు ఉండవు, ఆశ్చర్యార్థకాలు అచ్చువేసినవాళ్ళు పెట్టినవి. ఆ గుర్తు లేని ప్రతి చేతికొస్తే "సూనృతవ్రత యొక బావి" అన్నది ఒకే మాటలా కనబడుతుంది. ఒక్కోసారి పిలుపు చివర దీర్ఘం కూడా ఉండదు, "భూసురేంద్ర" అన్నా "భూసురేంద్రా" అన్నా ఒకటే. తరవాతి మాట ముందు "య" వచ్చి చేరిందేమో చూడండి. "వ్రత యొక" అన్నప్పుడు ఆ "య" సంధి కోసం వచ్చింది, అసలు మాట "ఒక". అక్కడ విడగొడితే పిలుపు బయటపడుతుంది.

రెండోది: ప్రబంధాల్లో ఆశ్వాసం (అధ్యాయం) మొదట్లోనూ చివరా వచ్చే పిలుపులు పాత్రలవి కావు. మనుచరిత్రలో అవి కృష్ణదేవరాయల్ని ఉద్దేశించి కవి అనేవి. పద్యాల వరసలో ఉన్నాయి కదా అని వాటిని కథలోకి ఎక్కిస్తే ప్రవరుడి నోటివెంట రాయల పొగడ్త వచ్చి కూర్చుంటుంది.

ఇంకొక్కటి. ఒకే సర్వనామంతో ముద్దూ కోపమూ ఎలా వస్తాయో పిల్లలకు చూపాలంటే ప్రహ్లాద చరిత్ర కలుపుకోండి. హిరణ్యకశిపుడు బుజ్జగించినా "నీవు", బెదిరించినా "నీవు". కోపం వచ్చినప్పుడు మారింది పిలుపు, "డింభక" (ఓరి కుర్రకుంకా) అన్నాడు. అప్పటికీ కసి తీరక విష్ణువును "చక్రిన్ గిక్రిన్" అన్నాడు. మనం కాఫీ గీఫీ అన్నట్టు.

ప్రశ్న కొనసాగింపు (పాతకథ):

చాలా స్పష్టమైంది. అయితే రెండు సందేహాలు. రాయలకాలపు సభల్లో గౌరవ బహువచనమే లేదంటారా? "రాయలు" అన్నదే బహువచనం కదా! రెండోది, శిష్యుడు గురువుతో మాట్లాడేచోటైనా "మీరు" పెడదామని మావాళ్ళు పట్టుబడుతున్నారు.

జవాబు 4 (తాటాకు):

మంచి పాయింటు పట్టారు. "రాయలు", "వారు" లాంటి గౌరవ బహువచనం ఒకరి గురించి చెప్పేటప్పుడు అప్పటికే ఉంది. ఎదురుగా ఉన్నవాణ్ణి కావ్యంలో పలకరించేటప్పుడు మాత్రం "నీవు"దే రాజ్యం. చెప్పడం, పలకరించడం రెండూ ఒక్కసారే మారలేదు. సభామర్యాదకు ఇంకో దారి కూడా ఉండేది: సర్వనామాన్నే తప్పించడం. "దేవర", "ఏలినవారు" అని ఎదుటనున్నవాణ్ణే ప్రథమపురుషలో అనడం, "వినవలె", "చిత్తగించవలె" అని కర్త లేకుండా ముగించడం. అన్నమయ్య కీర్తన "విన్నపాలు వినవలె వింతవింతలు" అని మొదలవుతుంది. ఎవరు వినవలె? నీవూ లేదు, మీరూ లేదు. వెంటనే "పన్నగపు దోమతెర పైకెత్తవేలయ్యా" దగ్గర "ఎత్తవు" అని ఏకవచనంలోకి దిగింది. దూరం, చనువు రెండూ ఒక్క పల్లవిలో. ఈ "-వలె" మీకు బాగా పనికొస్తుంది. "మీరు" పెట్టకుండా గౌరవం కావాలంటే "వినాలి స్వామీ", "దయచూడాలి" అని రాయొచ్చు.

మర్యాద దాక్కునే మూడో చోటు క్రియ. విచ్చేయు, వేంచేయు, ఆనతిచ్చు, ఆరగించు, చిత్తగించు, అవధరించు – ఇవి పెద్దలు చేసే పనులు. విన్నవించు, మనవి చేయు – ఇవి తాను చేసేవి. "అవధరింపుము" చూడండి, క్రియ గౌరవం, రూపం ఏకవచనం. ఈ మాటల్ని "వచ్చు, చెప్పు, తిను, విను" చేసేసి, పోయిన మర్యాదను "మీరు"తో పూడ్చడం వల్లే చాలా వచనానువాదాలు చప్పగా ఉంటాయి. "ఆనతివ్వు" అంటే పదో తరగతి పిల్లలకు అర్థం కాకపోదు.

గురుశిష్యుల సంగతి: నా ఓటు అక్కడ కూడా "నీవు"కే. కథ చెప్పే భాగంలో మాత్రం మన అలవాటు ప్రకారం పోవచ్చు. రాముడు వచ్చాడు, దుష్యంతుడు వెళ్ళాడు అనే అంటాం, కానీ హరికథల్లో నారదులవారు, వ్యాసులవారు "వచ్చారు". దేవుడికీ రాజుకూ ఏకవచనం, ఋషికీ గురువుకూ బహువచనం! చిత్రమే గానీ తెలుగు చెవికి అదే సహజం.

జవాబు 5 (యతిభంగం):

గురువు దగ్గర నేను తాటాకు గారితో ఏకీభవించను. తరగతి గదిలో రోజంతా "మీరు" అనే పిల్లలకు ఆ ఒక్క సందర్భంలో "మీరు" ఉంటే కొంపేమీ మునగదు. కానీ ఒక షరతు: ఎవరికి మార్చారో మొదటి నుంచి చివరిదాకా మార్చాలి. పని మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద మాట్లాడేవారు, వినేవారు, సర్వనామం, పిలుపు అని నాలుగు గడులు గీసి ఒక్కో జంటకు ఒక్కో వరస రాసుకోండి. నలుగురు కలిసి రాసే పుస్తకంలో ఇది లేకపోతే రెండో పేజీలో "మీరు", నాలుగో పేజీలో "నువ్వు" తప్పవు. ఒకే వాక్యంలో "మీరు ఎప్పుడు వచ్చావు" అన్నవి కూడా అచ్చులో చూస్తున్నాం.

కంప్యూటర్లో "నీ" వెతికి "మీ" పెట్టమని చెప్పకండి. "నీరు తాగాడు" కాస్తా "మీరు తాగాడు" అవుతుంది, "నీడ" "మీడ" అవుతుంది, "నీతి" "మీతి" అవుతుంది. మార్చాల్సినవి ఒక్క "నీ" కాదు కూడా: నిన్ను–మిమ్మల్ని, రా–రండి, విను–వినండి, చివర "-వు" ఉన్న ప్రతి క్రియా "-రు". చేత్తోనే దిద్దాలి.

బహువచనం నిజంగా బహువచనమైన చోట ఇంకా జాగ్రత్త. తిరుపతి వేంకట కవుల "బావా! యెప్పుడు వచ్చితీవు" పద్యం తెలియనివారుండరు. కృష్ణుడు దుర్యోధనుణ్ణి పలకరిస్తూ "నీ వాల్లభ్యము పట్టు కర్ణుడు" అంటాడు, తరవాత "మీ వంశోన్నతి గోరు భీష్ముడు" అంటాడు, చివర మళ్ళీ "నీ తేజంబు". కర్ణుడు దుర్యోధనుడి ఒక్కడి మనిషి, భీష్ముడు వంశం మొత్తానికి పెద్ద. అన్నీ "మీ" చేస్తే ఆ తేడా ఎగిరిపోతుంది. పైగా "బావా" అని పిలిచాక "మీరు" అంటే ఆ పలకరింపులో పెట్టిన చనువంతా చెడుతుంది.

జవాబు 6 (ఊరిమాట):

ఈ లెక్కను ఆధునిక నాటకాలకు మాత్రం పొడిగించకండి. కన్యాశుల్కం (1897లో అచ్చయింది, 1909లో తిరగరాసింది) వాడుకభాషలో రాసింది. అక్కడ మీరు, నువ్వు, గారూ, అండీ, ఓయ్, రా, ఏమే అన్నీ ఉన్నాయి, ఎవరు ఎవర్ని ఏమన్నారన్నది కథలో భాగం. అక్కడ ఒక్క "గారు" ఎత్తేసినా పాత్ర మారిపోతుంది. కావ్యంలో "నీవు"కు విలువ లేదు కాబట్టే దాన్ని అలాగే ఉంచమంటున్నాం. ఇలాంటి నాటకాల్లో దానికి విలువ ఉంది కాబట్టి ముట్టుకోవద్దు.

మీ వరూధిని మాటలకు ఒక నమూనా, పిల్లల చేత చదివించి చూడండి: "ఇంతింత కళ్ళు పెట్టుకుని దారి ఎవర్ని అడుగుతున్నావు, బ్రాహ్మణోత్తమా? ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళను ఏదో వంక పెట్టి పలకరించే తీరే గానీ, వచ్చిన దారి నీకు తెలియదా? జంకు లేకుండా అడగడానికి మేమంత లోకువైపోయామా? ఇక మాటలెందుకు!" ఇప్పుడు ఇందులో "అడుగుతున్నారు", "మీకు తెలియదా" పెట్టి మళ్ళీ చదవండి. ఆమె బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది.

పాతకథ:

బస్టాండు పోలికతో మావాళ్ళు దారికొచ్చారు. గురుశిష్యుల జంట ఒక్కటి "మీరు", మిగతావన్నీ "నీవు" అని నాలుగు గడుల కాగితంలో రాసుకున్నాం. "ఎవ్వతె" తీసి "ఎవరు" పెట్టాం. "రావే"కు "రావా". శకుంతల పద్యంలో "సత్యమే వ్రతమైనవాడా" అని పిలుపును వాక్యం మొదటికి తెచ్చాం. సరేనా?

యతిభంగం:

మొదటికి తేకండి. మూలంలో అది నూతులకూ బావికీ మధ్యలో, మాట నడుస్తుండగా పడింది. "నూరు నూతులకంటే, సత్యమే వ్రతమైనవాడా, ఒక్క బావి మేలు" – అక్కడే ఉండనివ్వండి.